ఫోస్టర్ కేర్

ఫోస్టర్ కేర్ అనగా కన్నవారి వద్ద ఉండలేని పరిస్థితి ఏర్పడిన పిల్లలను, చట్టబద్ధమైన అధికార సంస్థ ఆదేశం మేరకు, ఎంపిక చేసిన మరొక కుటుంబంలో ఉంచి పెంచే ఏర్పాటు. ఇందులో పిల్లల బాధ్యతను మూడు పక్షాలు పంచుకుంటాయి. అవి కన్న కుటుంబం, పిల్లలను తమ ఇంట ఉంచుకునే పోషక కుటుంబం, ప్రభుత్వం. దత్తతలో వలె ఇందులో పిల్లల ఇంటిపేరు గాని, వారసత్వ హక్కులు గాని మారవు. కన్నవారి పరిస్థితి చక్కబడితే పిల్లలు తిరిగి వారి వద్దకు చేరాలన్నది ఈ ఏర్పాటు లక్ష్యం. అందువలన బిడ్డకు మంచి ఇల్లు వెతికి పెట్టడంతో ఈ పని ముగియదు. ఆ బిడ్డ విడిచి వచ్చిన ఇంటిని తిరిగి నిలబెట్టడం కూడా ఇందులో భాగమే.

భారతదేశంలో ఫోస్టర్ కేర్‌కు ప్రస్తుత ఆధారం 2015 నాటి జువెనైల్ జస్టిస్ (బాలల సంరక్షణ, పరిరక్షణ) చట్టం. ఈ చట్టం 2016 జనవరి 15 నుండి అమలులోకి వచ్చింది.

పేరు, భావన

తెలుగులో "పెంచుకోవడం", "పెంపుడు తల్లి", "పెంపుడు కొడుకు" అనే మాటలు సాధారణంగా దత్తతను సూచిస్తాయి. తాత్కాలికంగా పరాయి బిడ్డను ఇంట ఉంచుకొని, తిరిగి కన్నవారికి అప్పగించే పద్ధతికి వాడుకలో స్థిరపడిన తెలుగు మాట లేదు. ప్రభుత్వ వ్యవహారాలలోను, పత్రికలలోను "ఫోస్టర్ కేర్" అన్న ఆంగ్లపదమే వాడుతున్నారు. ఈ వ్యాసంలో పిల్లలను తీసుకొనే కుటుంబాన్ని పోషక కుటుంబం అని వ్యవహరించడమైనది.

పేరు కొత్తదైనా భావన కొత్తది కాదు. భాగవతంలో వసుదేవుడు తన శిశువును వ్రేపల్లెకు చేర్చగా యశోదానందులు పెంచారు. కంసవధ అనంతరం కృష్ణుడు దేవకీవసుదేవుల వద్దకు చేరుకున్నాడు. పెంచినవారి ప్రేమ, కన్నవారి హక్కు రెండూ నిలిచిన ఈ కథ ఫోస్టర్ కేర్ భావనకు దగ్గరగా ఉంటుంది. రాధ, అధిరథుడు పెంచిన కర్ణుని కథ ఇందుకు భిన్నం. తన పుట్టుక సంగతి కర్ణునికి చాలాకాలం తెలియలేదు. తాను ఎవరి బిడ్డో, ఎందుకు ఇక్కడ ఉన్నాడో పిల్లవానికి తెలిసి ఉండాలన్నది నేటి ఫోస్టర్ కేర్ సూత్రాలలో ముఖ్యమైనది.

దత్తతకు, ఫోస్టర్ కేర్‌కు భేదం

దత్తత శాశ్వతమైనది. దత్తత ఉత్తర్వు వెలువడిన నాటి నుండి బిడ్డకు దత్తత తీసుకున్నవారే చట్టరీత్యా తల్లిదండ్రులు. కన్నవారితో చట్టబద్ధమైన సంబంధం తెగిపోతుంది. ఫోస్టర్ కేర్‌లో ఆ సంబంధం తెగదు. పోషక తల్లిదండ్రులు బిడ్డ తిండి, బట్ట, చదువు, ఆరోగ్యం చూస్తారు. బిడ్డకు సంబంధించిన పెద్ద నిర్ణయాలు బాలల సంక్షేమ కమిటీ అధీనంలో ఉంటాయి. పోషక కుటుంబానికి ప్రభుత్వం నెలనెలా కొంత సొమ్ము ఇస్తుంది. దత్తతలో అటువంటి చెల్లింపు ఉండదు.

దత్తత ఉత్తర్వు రాకముందు బిడ్డను కాబోయే తల్లిదండ్రుల వద్ద ఉంచే దశను దత్తత పూర్వ ఫోస్టర్ కేర్ అంటారు. అది దత్తత ప్రక్రియలో ఒక మెట్టు మాత్రమే.

బిడ్డను బంధువులు పెంచడం మరొక పద్ధతి. అమ్మమ్మ, తాతయ్య, మేనమామ, పినతల్లి వంటివారు అనాథలైన పిల్లలను చేరదీయడం తెలుగునాట సర్వసాధారణం. 2015 చట్టంలోని నిర్వచనం ప్రకారం ఫోస్టర్ కేర్ అంటే బిడ్డ సొంత కుటుంబం కాని వేరొక కుటుంబంలో జరిగే సంరక్షణ. బంధువుల ఇంట పెరిగే పిల్లలకు సాధారణంగా స్పాన్సర్‌షిప్ అనే మరొక పథకం కింద సహాయం అందుతుంది.

చరిత్ర

ఇతర దేశాలలో

అమెరికాలో 1853లో చార్లెస్ లోరింగ్ బ్రేస్ అను మతాచార్యుడు న్యూయార్క్‌లో చిల్డ్రన్స్ ఎయిడ్ సొసైటీని స్థాపించాడు. వీధులలో తిరిగే పిల్లలను 1854 నుండి రైళ్ళలో పల్లెప్రాంతాలకు పంపి, అక్కడి రైతు కుటుంబాలలో చేర్చారు. 1929 వరకు సాగిన ఈ "అనాథల రైళ్ళ" ద్వారా సుమారు 2 లక్షల మంది పిల్లలు తరలిపోయారు. వారిలో కొందరు మంచి ఇళ్ళకు చేరారు. మరికొందరు కూలి లేని పనివాళ్ళయ్యారు. తల్లిదండ్రులు బ్రతికి ఉన్న పిల్లలు కూడా వీరిలో ఉన్నారు.

ఇంగ్లండులో పేదల ఆశ్రమాలలోని పిల్లలను పల్లె కుటుంబాలలో ఉంచి పెంచే పద్ధతికి 1870లో ప్రభుత్వ నిబంధనలు ఏర్పడ్డాయి. 1945 జనవరిలో డెనిస్ ఓనీల్ అను 12 ఏళ్ళ బాలుడు శ్రాప్‌షైర్‌లో ఒక పొలంలో పోషక తండ్రి దెబ్బలకు, ఆకలికి గురై మరణించాడు. బాలుని బాధ్యత వహించిన అధికారులు అతనిని సరిగా పరిశీలించలేదని విచారణలో తేలింది. దేశమంతటా కలిగిన ఆందోళన ఫలితంగా కర్టిస్ కమిటీ తన నివేదికను 1946లో ఇచ్చింది. దాని ఆధారంగా 1948లో బాలల చట్టం వచ్చి, ప్రతి స్థానిక సంస్థలోను పిల్లల బాధ్యత చూసే ప్రత్యేక విభాగం ఏర్పడింది. పోషక కుటుంబాలను క్రమంగా తనిఖీ చేయాలన్న నియమం వెనుక ఇటువంటి దుర్ఘటనలు ఉన్నాయి.

అంతర్జాతీయ ఒప్పందాలు

ఐక్యరాజ్య సమితి 1989లో ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికలోని 20వ అధికరణం, కుటుంబాన్ని కోల్పోయిన పిల్లలకు ప్రభుత్వం ప్రత్యామ్నాయ సంరక్షణ కల్పించాలని చెబుతుంది. ఆ మార్గాలలో ఫోస్టర్ కేర్, ఇస్లామీయ న్యాయంలోని కఫాలా, దత్తత పేర్కొనబడ్డాయి. భారతదేశం 1992లో ఈ ఒడంబడికలో చేరింది. 2009లో ఐక్యరాజ్య సమితి ఆమోదించిన ప్రత్యామ్నాయ సంరక్షణ మార్గదర్శకాలు మరొక మెట్టు ముందుకు వెళ్ళాయి. పేదరికం ఒక్కటే కారణంగా బిడ్డను కన్నవారి నుండి వేరుచేయరాదనీ, అటువంటి స్థితిని ఆ కుటుంబానికి సహాయం అవసరమన్న సూచనగా గ్రహించాలనీ వాటి సారాంశం. చిన్నపిల్లలను, ముఖ్యంగా 3 ఏళ్ళ లోపు వారిని, కుటుంబ వాతావరణంలోనే ఉంచాలని కూడా అవి చెబుతున్నాయి.

భారతదేశంలో

2000 నాటి జువెనైల్ జస్టిస్ చట్టంలోని 42వ సెక్షను ఫోస్టర్ కేర్‌ను ప్రస్తావించింది. అయితే ఆచరణలో అనాథ పిల్లలకు ఆశ్రమాలు, ప్రభుత్వ గృహాలే ఆధారమయ్యాయి. 2009-10లో మొదలైన సమగ్ర బాలల పరిరక్షణ పథకం ద్వారా జిల్లాలలో బాలల పరిరక్షణ విభాగాలు ఏర్పడి, ఫోస్టర్ కేర్‌కు నిధులు కేటాయించే మార్గం తెరుచుకుంది. 2015 చట్టం ఈ పద్ధతికి వివరమైన నియమాలు ఇచ్చింది. 2016లో కేంద్ర మహిళా, శిశు అభివృద్ధి మంత్రిత్వ శాఖ నమూనా మార్గదర్శకాలను వెలువరించి, 2024లో వాటిని సవరించింది.

రాష్ట్రాలలో కొన్ని పథకాలు అంతకు ముందు నుండి ఉన్నాయి. మహారాష్ట్రలో బాలసంగోపన్ యోజన, రాజస్థాన్‌లో పాలన్‌హార్ యోజన ఇందుకు ఉదాహరణలు. ఆశ్రమంలో చేర్చడానికి బదులు, పిల్లలను ఇంట్లో పెంచేవారికి నెలసరి సహాయం అందించడం ఈ పథకాల ఉద్దేశం.

కుటుంబ సంరక్షణ, సంస్థాగత సంరక్షణ

బ్రిటిష్ మనోవైద్యుడు జాన్ బౌల్బీ 1951లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు ఇచ్చిన నివేదికలో, చిన్నతనంలో తల్లితోగాని, తల్లివంటి వ్యక్తితోగాని స్థిరమైన అనుబంధం లేకపోవడం పిల్లల మానసిక ఎదుగుదలకు హాని చేస్తుందని వాదించాడు.

ఈ విషయమై శాస్త్రీయంగా జరిగిన ముఖ్యమైన అధ్యయనం రుమేనియా రాజధాని బుకారెస్ట్‌లోనిది. అక్కడి అనాథ గృహాలలోని 136 మంది పసిపిల్లలను ఎంపిక చేసి, చీటీ పద్ధతిలో సగం మందిని పోషక కుటుంబాలలో ఉంచారు. మిగిలినవారు నాటి మామూలు సంరక్షణలోనే కొనసాగారు. 2007లో సైన్స్ పత్రికలో వెలువడిన ఫలితాల ప్రకారం పోషక కుటుంబాలకు వెళ్ళిన పిల్లలలో తెలివితేటల వికాసం మెరుగుగా ఉంది. ఎంత చిన్న వయస్సులో కుటుంబానికి చేరితే అంత మేలు కనిపించింది. రెండేళ్ళ లోపు చేరినవారు ఎక్కువగా కోలుకున్నారు.

సంరక్షణ గృహాలలోని పిల్లలందరూ అనాథలని చాలామంది భావిస్తారు. వాస్తవం అందుకు భిన్నం. 2020లో కోవిడ్ వ్యాప్తి కారణంగా సుప్రీం కోర్టు ఆదేశాలపై దేశమంతటా గృహాలలోని పిల్లల పరిస్థితిని సమీక్షించారు. ఆ ఏడాది డిసెంబరు నాటి లెక్క ప్రకారం, గృహాలలో ఉండిన సుమారు 2,27,000 మంది పిల్లలలో సుమారు 1,45,000 మందిని తల్లిదండ్రుల వద్దకు, సంరక్షకుల వద్దకు చేర్చారు. అనగా సగానికి మించిన పిల్లలకు వెళ్ళడానికి ఇల్లు ఉన్నది. అలా ఇంటికి చేరిన పిల్లల చదువు నిమిత్తం నెలకు ₹2,000 ఇవ్వాలని కోర్టు రాష్ట్రాలను ఆదేశించింది.

చట్టంలోని ముఖ్యాంశాలు

2015 చట్టంలోని 44వ సెక్షను ఫోస్టర్ కేర్‌కు సంబంధించినది. అందులోని ముఖ్యమైన నియమాలు:

* బిడ్డను పోషక కుటుంబంలో ఉంచే ఆదేశం బాలల సంక్షేమ కమిటీ ఇవ్వాలి. ఇది స్వల్పకాలానికి గాని, దీర్ఘకాలానికి గాని కావచ్చు.
* కుటుంబాన్ని ఎంపిక చేసేటప్పుడు దాని శక్తి, ఉద్దేశం, పిల్లలను పెంచిన అనుభవం చూడాలి.
* అన్నదమ్ములను, అక్కచెల్లెళ్ళను వీలైనంతవరకు ఒకే కుటుంబంలో ఉంచాలి. విడిగా ఉంచడమే వారికి మేలైనప్పుడు మాత్రం దీనికి మినహాయింపు ఉంది.
* రాష్ట్ర ప్రభుత్వం జిల్లా బాలల పరిరక్షణ విభాగం ద్వారా నెలసరి నిధులు ఇవ్వాలి.
* తల్లిదండ్రులు అసమర్థులని లేదా అనర్హులని భావించి బిడ్డను వేరుచేసినప్పుడు, బిడ్డకు హాని లేనంతవరకు వారు క్రమంగా వచ్చి చూడవచ్చు. వారి పరిస్థితి బాగుపడిందని కమిటీ నిర్ణయిస్తే బిడ్డ ఇంటికి తిరిగి వెళ్ళవచ్చు.
* బిడ్డ చదువు, ఆరోగ్యం, పోషకాహారం పోషక కుటుంబం బాధ్యత.
* కమిటీ ప్రతినెలా పోషక కుటుంబాన్ని తనిఖీ చేయాలి. లోపం కనిపిస్తే బిడ్డను అక్కడి నుండి వేరొక కుటుంబానికి మార్చాలి.
* దత్తతకు అర్హత గల బిడ్డగా కమిటీ భావించిన వారిని దీర్ఘకాల ఫోస్టర్ కేర్‌కు ఇవ్వరాదు.

బాలల సంక్షేమ కమిటీలో ఒక అధ్యక్షుడు, నలుగురు సభ్యులు ఉంటారు. సభ్యులలో కనీసం ఒకరు మహిళ కావాలి. ఈ కమిటీకి మేజిస్ట్రేటుల ధర్మాసనానికి ఉండే అధికారాలు ఉన్నాయి. రక్షణ అవసరమైన బిడ్డ ఎవరికి కనిపించినా, ప్రయాణ కాలం మినహాయించి 24 గంటలలో కమిటీ ముందు హాజరుపరచాలి. ఆపదలో ఉన్న పిల్లల కోసం దేశమంతటా 1098 అనే ఉచిత ఫోన్ నంబరు పనిచేస్తున్నది.

పోషక కుటుంబానికి అర్హతలు

2016 మార్గదర్శకాల ప్రకారం భార్యాభర్తలు మాత్రమే పోషక తల్లిదండ్రులుగా ఉండటానికి వీలుండేది. 2024 సవరణలో ఈ క్రింది మార్పులు వచ్చాయి.

* అవివాహితులు, భర్తను లేదా భార్యను కోల్పోయినవారు, విడాకులు పొందినవారు, చట్టబద్ధంగా విడిగా ఉంటున్నవారు కూడా దరఖాస్తు చేయవచ్చు. వీరి వయస్సు 35 నుండి 60 ఏళ్ళ మధ్య ఉండాలి.
* ఒంటరి మహిళ ఆడపిల్లను గాని, మగపిల్లవానిని గాని తీసుకోవచ్చు. ఒంటరి పురుషునికి మగపిల్లవానిని మాత్రమే ఇస్తారు.
* దంపతులైతే కనీసం 2 ఏళ్ళ స్థిరమైన వైవాహిక జీవితం ఉండాలి.
* బిడ్డ పోషక కుటుంబంలో 2 ఏళ్ళు గడిపిన తరువాత, దత్తతకు చట్టపరమైన అడ్డంకి లేనప్పుడు, ఆ కుటుంబం దత్తతకు దరఖాస్తు చేయవచ్చు. అంతకు పూర్వం ఈ గడువు 5 ఏళ్ళు.

సాధారణంగా 6 ఏళ్ళు పైబడి, సంరక్షణ గృహాలలో ఉన్న పిల్లలకు ఈ అవకాశం కల్పిస్తారు. దత్తత కోరేవారిలో ఎక్కువమంది పసిపిల్లలనే కోరుతారు కనుక, పెద్దపిల్లలకు కుటుంబ జీవితం దొరికే మార్గాలలో ఫోస్టర్ కేర్ ముఖ్యమైనది.

అమలు విధానం

దరఖాస్తు అందిన తరువాత సామాజిక కార్యకర్త ఆ ఇంటికి వెళ్ళి గృహ అధ్యయన నివేదిక తయారు చేస్తారు. ఇంటిలోని వారందరి అభిప్రాయం, ఆరోగ్యం, ఆదాయం, ఇరుగుపొరుగు పరిస్థితి ఇందులో ఉంటాయి. బిడ్డ గురించి మరొక నివేదిక, వ్యక్తిగత సంరక్షణ ప్రణాళిక సిద్ధమవుతాయి. భాష, ఆహారపు అలవాట్లు, బడి దూరం వంటివి చూసి బిడ్డకు తగిన కుటుంబాన్ని సూచిస్తారు. బిడ్డ వయస్సును బట్టి అతని లేక ఆమె అభిప్రాయం అడగాలి. ముందుగా కొన్నిసార్లు కలుసుకునే ఏర్పాటు చేసి, అటుపై కమిటీ ఉత్తర్వు ఇస్తుంది. ఏడాదికి మించనిది స్వల్పకాలికం, అంతకు మించినది దీర్ఘకాలికం. దీర్ఘకాలిక సంరక్షణ బిడ్డకు 18 ఏళ్ళు వచ్చేవరకు కొనసాగవచ్చు.

మిషన్ వాత్సల్య పథకం 2022 మార్గదర్శకాల ప్రకారం ఒక్కొక్క బిడ్డకు నెలకు ₹4,000 ఇవ్వాలి. పూర్వపు పథకంలో ఇది ₹2,000. అధిక రాష్ట్రాలలో ఈ వ్యయాన్ని కేంద్రం 60, రాష్ట్రం 40 శాతం చొప్పున భరిస్తాయి.

పిల్లలకు కావలసిన తోడ్పాటు

కన్నవారికి దూరమైన బిడ్డ, ఆ ఇల్లు ఎంత కష్టమైనదైనా, దానికోసం బెంగ పెట్టుకోవడం సహజం. కొత్త ఇంట్లో కొందరు పిల్లలు అన్నం దాచుకుంటారు. కొందరికి పక్క తడిపే అలవాటు తిరిగి వస్తుంది. కొందరు మాట్లాడరు. కొందరు తమను ఎంతవరకు భరిస్తారో చూడటానికన్నట్లు మొండికేస్తారు. ఆకలిని, భయాన్ని, మార్పును అనుభవించిన మనస్సు తనను తాను కాపాడుకొనే తీరు ఇది. దీనిని క్రమశిక్షణ లోపంగా భావించి దండించడం వలన సమస్య పెరుగుతుంది. వేళకు భోజనం, ఒకే తీరుగా సాగే దినచర్య, చెప్పిన మాట నిలబెట్టుకొనే పెద్దలు ఉంటే నమ్మకం క్రమంగా ఏర్పడుతుంది.

పోషక తల్లిని ప్రేమిస్తే కన్నతల్లికి ద్రోహం చేసినట్లవుతుందేమోనన్న సంకోచం పిల్లలలో కనిపిస్తుంది. కన్నవారిని బిడ్డ ఎదుట నిందించకపోవడం, వారి ఫొటో, పాత బొమ్మ, పాత పేరు వంటి వాటిని బిడ్డ వద్దనే ఉంచడం ఈ సంకోచాన్ని తగ్గిస్తాయి. ఎక్కడ పుట్టినదీ, ఎవరెవరి వద్ద పెరిగినదీ, ఎందుకు మారవలసి వచ్చినదీ బిడ్డకు అర్థమయ్యే మాటలతో, బొమ్మలతో ఒక పుస్తకంగా కూర్చే పద్ధతిని అనేక దేశాలలో అనుసరిస్తున్నారు.

కన్న కుటుంబానికి తోడ్పాటు

పిల్లలు వేరుపడటానికి కారణాలు పలువిధాలు. తల్లి లేక తండ్రి మరణం, దీర్ఘవ్యాధి, మద్యపానం, గృహహింస, జైలుశిక్ష, మానసిక రోగం, వలస, నిలువనీడ లేకపోవడం అందులో కొన్ని. ప్రతి కారణానికీ చికిత్స వేరు. తాగుడు మాన్పించే కేంద్రం, వైద్యం, పింఛను, ఉపాధి, రేషన్ కార్డు, ఇల్లు, న్యాయసహాయం వంటివి అందకపోతే బిడ్డ తిరిగి వెళ్ళే దినం రాదు.

వేరుపడక ముందే ఆపగలిగితే అన్నిటికంటె మేలు. మిషన్ వాత్సల్యలోని స్పాన్సర్‌షిప్ ద్వారా నెలకు ₹4,000 బిడ్డ ఇంటి వద్దనే అందుతాయి. తల్లి వితంతువు అయినా, భర్త విడిచిపెట్టినా, బిడ్డ అనాథగా బంధువుల వద్ద ఉన్నా, తల్లిదండ్రులు ప్రాణాంతక వ్యాధితో బాధపడుతున్నా దరఖాస్తు చేయవచ్చు. కుటుంబ వార్షికాదాయం గ్రామాలలో ₹72,000, ఇతర ప్రాంతాలలో ₹96,000 మించరాదు.

కన్నవారు బిడ్డను చూడటానికి వచ్చే రోజులు ముఖ్యమైనవి. ఆ రాకపోకలు ఆగిపోతే బిడ్డ తిరిగి ఇంటికి చేరే అవకాశం సన్నగిల్లుతుంది. దారిఖర్చులు లేకనో, కూలి పోతుందనో తల్లి రాలేకపోతే, దానిని బిడ్డపై నిర్లక్ష్యంగా నమోదు చేయడం అన్యాయం. బిడ్డ తిరిగి వెళ్ళిన తరువాత కూడా కొంతకాలం సామాజిక కార్యకర్త ఆ ఇంటికి వెళ్ళి చూడవలసి ఉంటుంది.

పోషక కుటుంబానికి తోడ్పాటు

పోషక తల్లిదండ్రులకు ముందుగా శిక్షణ, తరువాత సలహా చెప్పే మనిషి, అత్యవసర సమయంలో పలికే ఫోన్ నంబరు అవసరం. నెలసరి సొమ్ము ఆలస్యమైతే భారం వారిపై పడుతుంది. ఆ ఇంట్లోని సొంత పిల్లలు తమ గదిని, వస్తువులను, తల్లి సమయాన్ని పంచుకుంటున్నారు కనుక వారినీ ముందుగా అడిగి ఒప్పించాలి. కొన్ని దేశాలలో పోషక కుటుంబానికి విశ్రాంతి ఇవ్వడానికి బిడ్డను ఒకటి రెండు రోజులు మరొక ఆమోదిత కుటుంబం చూసుకొనే ఏర్పాటు ఉంది.

బిడ్డ తిరిగి వెళ్ళిపోయే రోజు పోషక కుటుంబానికి కష్టమైనది. ఆ ఎడబాటును ముందే చెప్పి సిద్ధం చేయడం, వీలైతే తరువాత కూడా రాకపోకలు ఉంచడం బిడ్డకూ, పెంచినవారికీ మేలు చేస్తాయి.

పాఠశాల పాత్ర

ఇల్లు మారినప్పుడు బడి కూడా మారితే బిడ్డ స్నేహితులను, ఉపాధ్యాయులను ఒకేసారి కోల్పోతుంది. అందువలన వీలైనంతవరకు పాత బడిలోనే కొనసాగించడం మంచిది. విద్యాహక్కు చట్టం, 2009 ప్రకారం బదిలీ పత్రం గాని, వయస్సు ధ్రువపత్రం గాని లేదన్న కారణంతో 6 నుండి 14 ఏళ్ళ బిడ్డకు ప్రవేశం నిరాకరించరాదు. తరగతిలో కుటుంబ వృక్షం గీయించడం, "మా నాన్న" అని వ్యాసం వ్రాయించడం వంటి మామూలు పనులు ఈ పిల్లలకు ఇబ్బంది కలిగించవచ్చు. "నాకు ఇష్టమైన పెద్దవారు" అని మార్చితే అందరు పిల్లలూ వ్రాయగలుగుతారు.

బిడ్డ గతాన్ని తోటి పిల్లల ఎదుట వెల్లడించరాదు. 2015 చట్టంలోని 74వ సెక్షను రక్షణ అవసరమైన పిల్లల పేరు, చిరునామా, పాఠశాల, ఫొటో పత్రికలలో గాని, ప్రసార మాధ్యమాలలో గాని ప్రకటించడాన్ని నిషేధిస్తున్నది.

18 ఏళ్ళ తరువాత

18 ఏళ్ళు నిండగానే సంరక్షణ ఉత్తర్వు ముగుస్తుంది. మామూలు కుటుంబాలలోని యువతీయువకులు ఆ వయస్సులో కన్నవారి ఇంటనే ఉండి చదువుకుంటారు. సంరక్షణలో పెరిగినవారికి ఆ ఆసరా ఉండదు. 2015 చట్టంలోని 46వ సెక్షను సంరక్షణ గృహాల నుండి వెలుపలికి వచ్చే యువతకు ఆర్థిక సహాయం ఇవ్వవచ్చని చెబుతుంది. మిషన్ వాత్సల్యలో 21 ఏళ్ళ వరకు, ప్రత్యేక సందర్భాలలో 23 ఏళ్ళ వరకు ఈ అనంతర సంరక్షణ అందించే వీలుంది. ఆధార్, కుల ధ్రువపత్రం, బ్యాంకు ఖాతా వంటివి బిడ్డ సంరక్షణలో ఉన్నప్పుడే సిద్ధం చేయకపోతే కళాశాలలో చేరడం, ఉపకార వేతనం పొందడం కష్టమవుతాయి.

తెలుగు రాష్ట్రాలలో

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో ఆడపిల్లల కోసం బాలసదనాలు, పసిపిల్లల కోసం శిశుగృహాలు ఉన్నాయి. హైదరాబాదులో ప్రభుత్వ శిశువిహార్ ఉంది. ప్రతి జిల్లాలో బాలల పరిరక్షణ విభాగం మహిళా, శిశు సంక్షేమ శాఖ క్రింద పనిచేస్తున్నది. ఫోస్టర్ కేర్‌కు, స్పాన్సర్‌షిప్‌కు దరఖాస్తులు ఈ విభాగం ద్వారా చేయవచ్చు.

ఈ ప్రాంతంలో పేరు లేకుండానే బంధుసంరక్షణ విస్తారంగా సాగుతున్నది. పాలమూరు ప్రాంతం నుండి కూలిపనులకు వలస వెళ్ళేవారు, కరీంనగర్, నిజామాబాద్ ప్రాంతాల నుండి గల్ఫ్ దేశాలకు వెళ్ళేవారు, గోదావరి జిల్లాల నుండి, కడప ప్రాంతం నుండి ఇంటిపనులకు కువైట్ వంటి దేశాలకు వెళ్ళే మహిళలు పిల్లలను అమ్మమ్మ, నాయనమ్మల వద్ద విడిచి వెళ్తారు. హెచ్ఐవీ వలన తల్లిదండ్రులను కోల్పోయిన పిల్లలను ఎక్కువగా ముసలివారే పెంచారు. వృద్ధురాలైన అవ్వ మంచం పడితే ఆ పిల్లలకు దిక్కు ఎవరన్న ప్రశ్న వస్తుంది.

పేదరికం వలన బిడ్డ తల్లికి దూరమైన విషాదం ఈ ప్రాంత చరిత్రలో ఉన్నది. 1999, 2001 సంవత్సరాలలో నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని తండాల నుండి ఆడశిశువులను కొని, దత్తత పేరిట తరలించిన ఉదంతాలు వెలుగుచూశాయి. 2015 చట్టం ప్రకారం నియమాలకు విరుద్ధంగా బిడ్డను దత్తతకు ఇవ్వడం, తీసుకోవడం, బిడ్డను అమ్మడం, కొనడం శిక్షార్హమైన నేరాలు. బిడ్డను పెంచలేని తల్లి బాలల సంక్షేమ కమిటీని ఆశ్రయించవచ్చు. తన నిర్ణయాన్ని పునరాలోచించుకోవడానికి చట్టం ఆమెకు రెండు నెలల గడువు ఇస్తున్నది.

విమర్శలు, సమస్యలు

బిడ్డను కుటుంబం నుండి వేరుచేసే అధికారం దుర్వినియోగమైన సందర్భాలు చరిత్రలో ఉన్నాయి. ఆస్ట్రేలియాలో ఆదివాసీ పిల్లలను వారి కుటుంబాల నుండి తీసుకొని సంస్థలలో, శ్వేతజాతి కుటుంబాలలో పెంచిన విధానానికి 2008 ఫిబ్రవరి 13న ఆ దేశ ప్రధాని కెవిన్ రడ్ పార్లమెంటులో క్షమాపణ చెప్పాడు. అమెరికాలో మూలవాసుల పిల్లలను వారి తెగల నుండి వేరుచేయడాన్ని అరికట్టడానికి 1978లో ప్రత్యేక చట్టం చేశారు. 2011లో నార్వేలో నివసించే ఒక భారతీయ దంపతుల ఇద్దరు పిల్లలను అక్కడి శిశుసంక్షేమ శాఖ ఫోస్టర్ కేర్‌లో ఉంచింది. పిల్లల పెంపకంలో సంస్కృతుల భేదాన్ని అధికారులు ఎంతవరకు గుర్తించాలన్న చర్చకు అది దారితీసింది. ఈ ఉదంతం ఆధారంగా 2023లో "మిసెస్ ఛటర్జీ వర్సెస్ నార్వే" అను హిందీ చిత్రం వచ్చింది.

భారతదేశంలో సమస్య మరొక రకమైనది. పోషక కుటుంబాలు తక్కువ. దత్తత గురించి తెలిసినవారికి కూడా ఫోస్టర్ కేర్ గురించి తెలియదు. కులం, మతం, ఆస్తి గురించిన భయాలు, "రేపు వెళ్ళిపోయే బిడ్డను ఎందుకు పెంచాలి" అన్న ఆలోచన కుటుంబాలను వెనుకాడేటట్లు చేస్తున్నాయి. ఇంటిపనికి, దుకాణంలో పనికి బిడ్డను వాడుకొనే ప్రమాదం కూడా ఉంది. నెలనెలా తనిఖీ చేయవలసిన కమిటీలలో, జిల్లా విభాగాలలో ఖాళీలు ఉన్నచోట ఆ ప్రమాదం పెరుగుతుంది. పర్యవేక్షణ లేని ఫోస్టర్ కేర్ కంటె మంచి సంరక్షణ గృహమే మేలని ఇందువలన కొందరు వాదిస్తారు. గృహాలకు, పోషక కుటుంబాలకు మధ్య జరిగే ఈ చర్చలో కన్న కుటుంబానికి ముందే అందవలసిన సహాయం మరుగున పడుతున్నదనీ, తగిన సమయంలో స్పాన్సర్‌షిప్ అందితే చాలామంది పిల్లలు సొంత ఇంటిని విడిచి పోనక్కరలేదనీ మరికొందరి అభిప్రాయం.